అంగుళమెత్తు సైనికులకు రంగులేసిన చేయి

మీరేం పని చేసేవారని ఎవరైనా అడిగితే "సైనికులకు రంగులేసేదాన్ని" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. కానీ నిజం అదే. అంగుళం ఎత్తు లోహపు సైనికులు, వాళ్ల గుర్రాలు, ఫిరంగులు, వాటితో పాటు రాక్షసులు, మరుగుజ్జులు, రెక్కలున్న డ్రాగన్లు. ఇంగ్లండులోనూ ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ వయసొచ్చిన మగవాళ్లు వీటిని బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ యుద్ధాలు ఆడతారు. ఆడటానికి వాళ్లకు తీరిక ఉంది కానీ వందల బొమ్మలకు రంగులేసే ఓపిక అందరికీ ఉండదు. ఆ ఓపిక మారేడ్‌పల్లిలో ఒక మేడ మీద దొరికేది. నేను పదమూడేళ్లు ఆ మేడ మీద కూర్చున్నాను.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు నా చిరునామా కనుక్కుని బోయిగూడ వచ్చారు. ఇప్పుడు బొమ్మల్ని మిషన్లోనే అచ్చు తీస్తున్నారట, రంగులు మాత్రం చేత్తోనే వెయ్యాలట. వీడియోలు చూసి నేర్చుకున్నారు. ఫోన్లో చూపించారు, నాకంటే నున్నగా వేస్తున్నారు, కాస్త కుళ్లుకున్నాను కూడా. వాళ్లకు పని వచ్చు, పనిలో ఎక్కడ కాలు జారుతుందో ఇంకా తెలియదు. నాకు తెలుసు, చాలాచోట్ల జారాను. అందులో ఒకటి ఇప్పటికీ గుచ్చుతుంది. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను, కానీ అక్కడికి నెమ్మదిగా వస్తాను.

మేడ మీద గది

మాది విజయనగరం దగ్గర. మా నాన్న చుట్టుపక్కల ఊళ్ల అమ్మవార్ల విగ్రహాలకు, జాతర బొమ్మలకు రంగులేసేవాడు. నేను పదో తరగతి దాకా చదువుతూ, మిగతా వేళంతా ఆయన రంగుల చిప్పలు కడుగుతూ పెరిగాను. మా ఆయనకు రైల్వే పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం రావడంతో సికింద్రాబాదు వచ్చి పడ్డాను.

వినాయక చవితికి ముందు మోండా మార్కెట్ దగ్గర విగ్రహాలు అమ్మేవాళ్లకు కళ్లు దిద్దిపెట్టేదాన్ని. అలా ఒకరోజు దిద్దుతుంటే ఒక పొట్టి మనిషి వెనక నిలబడి చాలాసేపు చూశాడు. ఆయనే విఠల్ సార్. తాతల నాటి నుంచి సికింద్రాబాదులోనే ఉన్న కుటుంబం. పెళ్లికార్డులు, నేమ్‌ప్లేట్లు అచ్చేసే షాపు ఉండేది ఆయనకు. కంప్యూటర్లొచ్చి ఆ పని అడుగంటుతున్న రోజులవి.

"అమ్మా, గీ కన్ను నువ్వే దిద్దినవా?" అన్నాడు.

"అవును సార్. ఏటి, వంకరగా ఉందా?"

"వంకర లేదు. ఇంకా చిన్నగ దిద్దుతవా?"

"ఎంత చిన్నగా సార్?"

జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, ఒక బొమ్మను నా అరచేతిలో పెట్టాడు. టోపీ, తుపాకీ, వీపున సంచీ ఉన్నాయి. ముఖం మాత్రం శనగగింజంత కూడా లేదు.

"దీనికి కన్నెక్కడుంది సార్?"

"లేదు. నువ్వే వెయ్యాలె."

అలా చేరాను. ఆరుగురం ఆడవాళ్లం, ఒక పొడుగు బల్ల, ఆరు టేబుల్ లైట్లు. ఫోటో స్టూడియోల వాళ్లు పారేసే ఫిల్మ్ రోలు డబ్బాలు తెచ్చి, మూత మీద బొమ్మను గమ్‌తో అంటించి, డబ్బా పట్టుకుని రంగులేసేవాళ్లం. చూడటానికి వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే అద్దం. మే నెలలో కూడా ఫ్యాను వేసుకోకూడదు, వేస్తే కుంచె కొన మీదే రంగు ఆరిపోతుంది. చెమట బొమ్మ మీద పడకుండా నుదుటికి రుమాలు కట్టుకుని కూర్చునేవాళ్లం. కొత్తగా ఎవరైనా తలుపు తీస్తే ఆరుగురు తలనొప్పి మనుషులు ఒక్కచోట చేరారనుకునేవాళ్లు.

అప్పుడు ఊరంతా కంప్యూటర్ల జ్వరం. ఆరు నెలలకోసారి మా బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయ్యేది. ఆ అమ్మాయి అమీర్‌పేటలో ఏదో కోర్సులోనో, కాల్ సెంటర్లోనో చేరేది. విఠల్ సార్‌కు ఇది పెద్ద అవమానం.

"మనది సుత ఐటీనే," అనేవాడు. "ఆర్డరు ఈమెయిల్ల వస్తది, ఫోటో ఈమెయిల్ల పోతది. నడుమల మీరు జెర రంగులేస్తరు, గంతే."

చివరిదాకా నాతో ఉన్నది సబిత ఒక్కతే. గుర్రాలు ఆమె వేస్తే కదిలిపోతాయేమో అనిపించేది. తనూ బోయిగూడే, ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం.

ఈ పనిలో నా మొదటి మొండితనం కళ్ల దగ్గరే. ఇంగ్లీషు పుస్తకాల్లో కళ్లు ముందు వెయ్యమని ఉంటుంది. అంగుళం బొమ్మకు అదే సరైన పద్ధతి, తెలుపు చెదిరినా చుట్టూ చర్మం రంగుతో సర్దుకోవచ్చు. నేను మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకున్నట్టు అన్నీ అయ్యాక, ఆఖర్న కన్ను తెరిచేదాన్ని. చెయ్యి కాస్త వణికితే పూర్తయిన ముఖమంతా పాడయ్యేది. ఒక సేనాపతి ముఖం నాలుగుసార్లు మళ్లీ వేశాను. ఏడాది తర్వాత మామూలు సైనికుల విషయంలో దిగొచ్చాను. సేనాపతుల విషయంలో దిగిరాలేదు. మీరు నన్ను చూసి నేర్చుకోకండి, కళ్లు ముందే వెయ్యండి.

మంగళవారం అస్థిపంజరాలు

ఒకసారి అస్థిపంజరాల సైన్యం వచ్చింది. కత్తులు, డాళ్లు పట్టుకున్న ఎముకల గూళ్లు, రెండు వందలు. పార్సిల్ విప్పింది మంగళవారం. సబిత కుర్చీ వెనక్కి జరిపింది.

"సార్, ఇయ్యాల నేను పీనుగుల్ని ముట్ట. మా అత్తకు దెలిస్తే ఇంట్ల లొల్లి పెడతది."

"పీనుగులు కావమ్మా, సీసం."

"సీసం పీనుగులే గదా సార్."

విఠల్ సార్ ఆరుగురి ముఖాలూ చూశాడు. నేను కూడా తల దించుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాడు. మంగళ, శుక్రవారాలు గుర్రాలు, డ్రాగన్లు. మిగతా రోజులు పీనుగులు. ఇంగ్లండుకు కూడా అదే కారణం రాసి గడువు పెంచమన్నాడు. వాళ్లు నవ్వుకున్నారో ఏమో, పెంచారు.

ఆయన గురించి ఇక్కడే రెండు మాటలు చెప్పేస్తాను. విఠల్ సార్ మంచి యజమానే కానీ నోరారా మెచ్చుకునేవాడు కాదు. కస్టమర్లు తిడుతూ రాసిన ఉత్తరాలు నిలబడి గట్టిగా చదివేవాడు. పొగుడుతూ రాసినవి డ్రాయరులో పెట్టి తాళం వేసేవాడు. పొగిడితే మేం కుదురుగా పని చెయ్యమని ఆయన నమ్మకం. పదమూడేళ్లూ ఆ నమ్మకం తప్పని నేను ఆయనతో వాదించాను, ఇప్పటికీ తప్పే అంటాను. కోపం వస్తే మాత్రం మా మీద అరిచేవాడు కాదు. మా కుంచెలన్నీ తీసుకుపోయి పంపు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ సబ్బుతో కడిగేవాడు. కుంచెలు ఎంత శుభ్రంగా వస్తే అంత కోపం వచ్చిందని లెక్క.

నలభై మంది సిపాయిలు

సిపాయిల తిరుగుబాటు నాటి బొమ్మలు ఒకసారి వచ్చాయి. తెల్ల సైనికుల ముఖాలకు మూడు నాలుగు ఛాయలు వెయ్యాలని ఆర్డరు కాగితంలో ఉంది. సిపాయిలకు మాత్రం ఒకే ఒక గోధుమ రంగు, దాని నంబరు కూడా ఇచ్చారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు బల్ల మీద ఆరుగురి చేతులూ కనబడ్డాయి. ఏ రెండూ ఒక రంగులో లేవు. నాకు ఒళ్లు మండింది. ఆ నలభై మందికీ దొరికినవాళ్లందరి రంగులూ వేశాను. సబిత రంగు, విఠల్ సార్ రంగు, మా ఆయన రంగు, మా నాన్న రంగు, కింద ఇస్త్రీ బండి ఆయన రంగు. జీవితంలో అంత ఇష్టంగా వేసిన పని ఇంకోటి లేదు.

ఫోటోలు వెళ్లాయి, ఫిర్యాదు వచ్చింది. సార్ నిలబడి చదివాడు.

"అందరిదీ ఒక్కటే రంగు ఉండాల్నంట. దూరంకెంచి చూస్తే దళం లెక్క కనవడతలేదంట."

"సిపాయిలంటే ఇటుకలనుకున్నాడేటి సార్ ఆయన?"

"ఇటుకలో, కంకరో! బొమ్మలు ఆయనయి చెల్లె. మార్చు."

మార్చాను. ముప్పై తొమ్మిది మందికి ఒకే గోధుమ రంగు వేశాను. ఒక్కడికి మాత్రం మా నాన్న రంగు అలాగే ఉంచేశాను. ఎవరూ గమనించలేదు. ఇందులో మీకు చెప్పదగ్గ నీతి ఏమీ లేదు. బొమ్మలు డబ్బిచ్చినవాడివే. అయినా ఆ రోజు ఇంకాస్త గట్టిగా వాదించి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పోయినవాడి పూత

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఇంగ్లండులో ఆర్థర్ గారని ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరైన స్కూలు మాస్టారు. బొమ్మలతో ఆడేవాళ్ల సంఘం ఒకటి నడిపేవారు. మా కస్టమర్లలో సగం మంది ఆయన చెబితే వచ్చినవాళ్లే. ఆయన స్వయంగా ఎప్పుడూ బొమ్మలు పంపలేదు, వాళ్ల ఇంట్లో రంగులేసేది తమ్ముడట. ఒకరోజు ఆయన పేరుతోనే ఒక పెట్టె వచ్చింది. అందులో అరవై మంది గుర్రపు రౌతులు. ముప్పై ఏడు వట్టి లోహం. ఇరవై మూడింటికి రంగులున్నాయి.

పార్సిల్ రాగానే విఠల్ సార్ అన్నిటికీ ఒక ఫోటో తీసేవాడు, దారిలో ఏదైనా విరిగితే గొడవ రాకుండా. ఆ రోజూ తీసి, ఉత్తరం చదివి మాకు చెప్పాడు.

"గీ ఇరవై మూడు వాళ్ల తమ్ముడు వేసినయంట. నడుమల్నే పోయిండంట పాపం. మిగిలినయి మనం వెయ్యాలె. దళమంతా కలిసి ఒక్క తీరుగ ఉండాలె."

చెప్పి, ఆ సాయంత్రమే కరీంనగర్‌లో బంధువుల పెళ్లికి వెళ్లాడు. మూడు రోజులు రానన్నాడు.

మర్నాడు నేను ఆ ఇరవై మూడింటినీ కంటి అద్దం పెట్టుకుని చూశాను. పని బాగాలేదు. రంగు హద్దులు దాటింది. గుండీలు కొన్ని గుండ్రంగా, కొన్ని పొడుగ్గా ఉన్నాయి. కళ్లు మెల్లకళ్లు. పైన వార్నిష్ పసుపెక్కింది. కానీ నేను చేసిన పనికి అది కారణం కాదు. ఎంత చెత్త పనైనా కస్టమరుది కస్టమరుకే వదిలేసేదాన్ని.

కారణం మా నాన్న. మా ఇంట్లో ఒక నియమం ఉండేది. విగ్రహానికి రంగులేస్తూ ఒకడు మధ్యలో పోతే, తర్వాత వచ్చినవాడు ఆ రంగు మీద తన రంగు వెయ్యడు, దాని పక్కనా వెయ్యడు. మొత్తం కడిగి, సుద్దపూత నుంచి మళ్లీ మొదలుపెడతాడు. పోయినవాడి పని సగంలో ఆగి అందరికీ కనబడుతూ ఉంటే వాడికి శాంతి ఉండదని మా నాన్న అనేవాడు. వాడి పనిని మన భుజాన వేసుకుని మొదటి నుంచి పూర్తి చెయ్యడమే వాడికి మనం చేసే మర్యాద. మా చిన్నాన్న పోయినప్పుడు ఆయన సగం వేసిన అమ్మవారిని మా నాన్న ఏడుస్తూ కడగడం నేను చూశాను.

కాబట్టి నాకు ఇందులో ఆలోచించడానికి ఏమీ కనబడలేదు. పెయింట్ రిమూవర్ సీసా తీశాను, పాత టూత్‌బ్రష్ తీశాను.

"అక్కా, సార్‌ను అడగాలె గదా?" అంది సబిత.

"అడగడానికేటుంది? పోయినోడి పూతది. మనమే మొదట్నించీ మంచిగా వేసిద్దాం. ఎక్కువ కూడా అడగొద్దు, ఆ పెద్దాయనకి ఊరికే చేసిద్దాం."

ఊరికే చేసిద్దాం అన్నాను చూడండి, ఎంత పెద్ద మనసో! ఒక్కొక్క రౌతునూ తీసి, మనసులో దండం పెట్టుకుని, కడిగాను. సాయంత్రానికి అరవై బొమ్మలూ ఒక్కలాగే తెల్లగా మెరుస్తూ ట్రేలో నిలబడ్డాయి. ఆ రోజు బస్సులో నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

నాలుగో రోజు పొద్దున్నే విఠల్ సార్ వచ్చాడు. దారిలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి వచ్చినట్టున్నాడు, చేతిలో ఒక కాగితం ఉంది. నిలబడి చదవడం మొదలుపెట్టాడు. ఆర్థర్ గారు రాశారు. తొందరేమీ లేదు. ఒక్క మనవి. మా తమ్ముడి రౌతుల్లో తప్పులు మీకు కనబడతాయి, దయచేసి వేటినీ సరిచెయ్యకండి. చివరి నెలల్లో వాడికి చేతులు వణికేవి. పొద్దున ఒక గంట మాత్రమే వెయ్యగలిగేవాడు. వాడి చేతి పని ఇంక నా దగ్గర ఇదొక్కటే ఉంది. వాడి వాళ్లు ఒంటరిగా లేకుండా పక్కన మీవాళ్లను నిలబెట్టండి, అంతే. అందరినీ కలిపి ఫోటో పంపితే చూస్తాను.

చదవడం అయిపోయాక ఆయన ట్రే వైపు చూశాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"చెల్లె, ఆ ఇరవై మూడు ఏడ వెట్టినవ్?"

సబితే ట్రే వైపు వేలు చూపించింది.

"కడిగీసేను సార్," అన్నాను. "మా ఇంట్లో... పోయినోడి పని అయితే అలాగే..." ఒక మనిషి తమ్ముడిని నేను బ్రష్‌తో రుద్ది మోరీలో పోశాను. ఆ రోజు బల్ల మీద తల పెట్టి ఏడ్చాను, ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే సరైనది.

విఠల్ సార్ పంపు దగ్గరికి వెళ్లి కుంచెలు కడిగాడు. అన్నీ కడిగాడు, అంతకుముందే శుభ్రంగా ఉన్నవి కూడా. తర్వాత వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఫోటో ఉన్నది. నీకు యాదికున్నది. ఎవరి చెయ్యి అంటే వాళ్ల చెయ్యి వస్తది నీకు. గట్లనే మల్ల వెయ్యి."

పదకొండు రోజులు

వేశాను. ఆ రోజుల్లో వచ్చే కెమెరాలతో తీసిన ఫోటో, సగం మసక. మిగతాది జ్ఞాపకం. కడిగేముందు ఒక్కొక్కదాన్నీ కంటి అద్దం పెట్టుకుని చూశాను కాబట్టి తప్పులన్నీ గుర్తున్నాయి. ఇతరుల తప్పులు నాకు బాగా గుర్తుంటాయి.

మొదట కుడిచేత్తో వణికిస్తూ వేసి చూశాను. అది నాటకంలా ఉంది. ఎడమ చేత్తో వేస్తే సరిపోయింది. ఎడమ చెయ్యి నిజంగానే వణుకుతుంది, నిజంగానే సరిగ్గా వెయ్యాలని తాపత్రయపడుతుంది. నాలుగో రోజుకు ఆర్థర్ గారి తమ్ముడు నాకు పరిచయమయ్యాడు. గుర్రాలంటే ఇష్టం, వాటి ముఖాల మీద ఎక్కువసేపు ఆగేవాడు. గుండీలు వచ్చేసరికి ఓపిక అయిపోయేది. ఏది ముందు వేశాడో, ఏది తర్వాతో గీతల్ని బట్టి చెప్పగలిగేదాన్ని. జెండా పట్టుకున్న రౌతు ఆఖరిది. అందులో ఒక్క గీత కూడా మొదలుపెట్టినచోటి నుంచి చివరిదాకా ఆగకుండా వెళ్లలేదు. అది వేసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పదకొండు రోజులకు నా ఇరవై మూడూ, మిగతావాళ్లు వేస్తున్న ముప్పై ఏడూ అయ్యాయి. పైన పసుపెక్కినట్టు కనబడటానికి వార్నిష్‌లో చుక్క టీ నీళ్లు కూడా కలిపాను. విఠల్ సార్ ఒక్కొక్కదాన్నీ లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. ఆ పదమూడేళ్లలో ఆ ఒక్కసారే, "శబాష్" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు భయం వేసింది.

"చెప్పీయాలి సార్," అన్నాను.

"ఏం చెప్పాలె?"

"నేను కడిగీసేనని."

"పాగల్ గిట్ల అయినవా చెల్లె? నాకే తెలుస్తలేదు. ముసలాయనకు ఏం తెలుస్తది?"

"తెలవదనే కదా సార్. తమ్ముడి చెయ్యనుకుని రోజూ చూసుకుంటాడు. అది నా ఎడం చెయ్యి."

"ఆయనతోనే వచ్చిన్రు సగం కస్టమర్లు. ఆయన ఒక్క మాట అన్నడనుకో, దుకాణం బంద్. ఆరుగురు ఇంటికి పోవాలె. సబితకు ఇద్దరు పిల్లలు. సోచాయించు జెర."

ఆయనన్నట్టే ఆలోచించాను. సబిత వైపు చూశాను. ఆమె తలెత్తకుండా గుర్రానికి జీను వేస్తోంది. ఆమె బతుకును నా తప్పుకు ముడిపెట్టే హక్కు నాకు లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"నా పేరు రాయండి సార్. పైడమ్మనే ఆవిడ చేసిందని, ఆవిణ్ని తీసీసేమని రాయండి."

సబిత తలెత్తకుండానే అంది, "చెప్పుండ్రి సార్. నేను సుత ఆ దినం ఆపలే."

ఆయన రౌతుల్ని ఒక్కొక్కటీ తిరిగి ట్రేలో పెట్టాడు. లేచి చెప్పులేసుకుని మెట్లు దిగాడు. గంట తర్వాత వచ్చి, పంపిన ఉత్తరం మాకు నిలబడి చదివి వినిపించాడు. మా నాన్న నియమం, రిమూవర్ సీసా, నా ఎడమ చెయ్యి, అన్నీ ఉన్నాయి. నా పేరు మాత్రం లేదు. మేము కడిగాము, మా తప్పు, అని రాశాడు. ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడు. యజమానులతో మీకు చాలా తగవులు వస్తాయి, నాకూ వచ్చాయి. కానీ ఆ ఒక్క మాటకు నేను ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటాను.

రెండు రోజులకు ఒక్క వాక్యం జవాబు వచ్చింది. పెట్టె పంపించండి, అని.

ఆర్థర్ గారి ఉత్తరం

నెలన్నర పాటు ఏమీ రాలేదు. ఆ నెలన్నరా కింద పోస్ట్‌మ్యాన్ సైకిల్ చప్పుడైతే చాలు, ఆరుగురి కుంచెలూ ఆగిపోయేవి. చివరికి కవరులో చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది. విఠల్ సార్ ఈసారి కూర్చుని చదివాడు, మెల్లగా తెలుగులో చెబుతూ.

మీరు చెప్పకపోయినా నాకు తెలిసిపోయేది, అని మొదలుపెట్టారు ఆర్థర్ గారు. జెండా పట్టుకున్న రౌతు గుర్రానికి తొడ మీద ఒక బొటనవేలి ముద్ర ఉండాలి. అది నాది. చివరి వారం మా తమ్ముడికి ఒక చేత్తో బొమ్మ, ఇంకో చేత్తో కుంచె పట్టుకోవడం చేతకాలేదు. వాడు వేస్తుంటే నేను పట్టుకున్నాను. నాకు ఈ పని తెలియదు, తడి రంగు మీదే పట్టుకున్నాను. వాడు నన్ను తిట్టాడు. నన్ను తిట్టడం అదే ఆఖరు. మీరు వాడి తప్పులన్నీ వేశారు, ఎంత శ్రద్ధగా వేశారో చూశాను. నా తప్పు ఒక్కటే వెయ్యలేదు. పెట్టె విప్పగానే నా వేలు అక్కడ పెట్టి చూశాను. రంగు ఆరిపోయి ఉంది.

ఆ మచ్చ నేను చూశాను. కడిగేటప్పుడు చూశాను, మళ్లీ వేసేటప్పుడు గుర్తొచ్చింది కూడా. అది వేసినవాడి చేతి పని కాదు కదా, ఎవరో అజాగ్రత్తగా పట్టుకుని ఉంటారు అనుకుని వదిలేశాను. నేను కడిగేసింది ఒక మనిషిని అనుకున్నాను. ఇద్దరిని కడిగేశాను.

సిగ్గుతో, దుఃఖంతో ఏం చెయ్యాలో తోచలేదు. క్షమించమని రాయిద్దామంటే ఆ మాట అప్పటికే రాశాం. ఆ బొమ్మ వెనక్కి పంపమందామంటే, నేనేం చెయ్యగలను? ఆ వేలు నా దగ్గర లేదు. చాలాసేపటికి నాకు చేతనైనది ఒక్కటే గుర్తొచ్చింది, రంగులెయ్యడం చెప్పడం.

"రాయండి సార్," అన్నాను. నేను చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో రాశాడు.

అయ్యా, మీ తమ్ముడి రంగుల డబ్బాలు మీ ఇంట్లో ఉండే ఉంటాయి. పారెయ్యలేదనుకుంటాను. గుర్రాలకు వేసిన గోధుమ రంగు డబ్బా అన్నిటికంటే ఎక్కువ ఖాళీ అయి ఉంటుంది. అందులో మిగిలినదాన్ని పుల్లతో బాగా కలపండి. గట్టిపడి ఉంటే టర్పెంటైన్ రెండు చుక్కలు వెయ్యండి. నల్లరంగు సూది మొనంత కలపండి, ఆయన అలాగే కలిపేవారు. తొడ మీద మాత్రమే పలచగా పూసి పక్కన పెట్టండి. మా సికింద్రాబాదు ఎండలో అయితే అరగంట చాలు. మీ చలిలో ఎంతసేపో నాకు తెలియదు. చిటికెన వేలితో ముట్టుకుని చూడండి. అంటుకోవాలి కానీ ఊడి రాకూడదు. అప్పుడు పట్టుకోండి, మీ తమ్ముడికి పట్టుకున్నట్టే.

ఆర్థర్ గారు మమ్మల్ని క్షమించానని ఎప్పుడూ రాయలేదు. మళ్లీ ఆర్డరు కూడా ఇవ్వలేదు. సంఘంలో ఎవరికీ చెప్పినట్టు లేదు, కస్టమర్లు వస్తూనే ఉన్నారు. నేను మా నాన్న నియమాన్ని తప్పనను, అది మా ఇంట్లో మాకు సరైనదే. కానీ ఆ రోజు తర్వాత ఏ పెట్టె వచ్చినా, ఇది ఎవరి చెయ్యి, వాళ్లకు ఏం కావాలి అని నోరు తెరిచి అడగకుండా బొమ్మను ముట్టుకోలేదు. మీరూ అడగండి. తెలిసినట్టే అనిపించినప్పుడు ఇంకా గట్టిగా అడగండి.

మూడు నెలల తర్వాత ఈమెయిల్లో ఒక ఫోటో వచ్చింది, కింద ఒక్క మాట కూడా లేదు. విఠల్ సార్ దాన్ని అచ్చు తీయించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. జెండా రౌతు, దగ్గరగా తీశారు. గుర్రం తొడ మీద బొటనవేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దాయన మరీ ఎక్కువ రంగు పూసినట్టున్నారు, అది పొంగి జీను మీదికి, రౌతు బూటు మీదికి పాకింది.

"ఖరాబైంది గదా చెల్లె. ఎట్ల తుడవాల్నో రాద్దామా?" అన్నాడు సార్.

"వద్దు సార్," అన్నాను. "బాగుందని రాయండి."